లోపలి కాలువలోని కణాలు

పాప్ పరీక్షకు పేరిచ్చిన జార్జ్ పాపనికొలావ్ గ్రీసులో పుట్టి, 1913లో అమెరికా చేరాడు. న్యూయార్క్‌లో గినీ పందుల ఋతుచక్రాన్ని పరిశోధిస్తూ, యోని స్రావంలో రాలిన కణాలను సూక్ష్మదర్శిని కింద చూడటం మొదలుపెట్టాడు. భార్య ఆండ్రొమాకి ఏళ్ల తరబడి తన నమూనాలే ఇచ్చింది. ఈ చరిత్రలో ఆమె పేరు ఇంకా గట్టిగా వినిపించాలి. రాలిన కణాలను చూసి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను పసిగట్టవచ్చని పాపనికొలావ్ 1928లో ప్రకటించాడు. రొమేనియాలో ఆరెల్ బాబెష్ అంతకు ఏడాది ముందే ఆ మాట చెప్పాడు. వైద్యులు చెవినపెట్టింది మాత్రం 1941లో, హెర్బర్ట్ ట్రౌట్‌తో కలిసి పాపనికొలావ్ రాసిన వ్యాసం తర్వాతే.

అయితే ఈ పరీక్షకు బాగా చిక్కినవి గర్భాశయ ముఖద్వారం పైపొరలోని పొలుసు కణాలు. జిగురు స్రవించే గ్రంథి కణాలు లోపలి కాలువ మడతల్లో ఉంటాయి. కణాలు తీసేందుకు 1947లో ఎర్నెస్ట్ ఏర్ తెచ్చిన చెక్కపుల్ల అంత లోపలికి సరిగా అందదు. 1980లలో సన్నని కుంచె వచ్చాకే ఆ కణాలు గాజుపలకపైకి ధారాళంగా చేరాయి. చేరాక కొత్త చిక్కు పుట్టింది. వాపు వచ్చినా, కండ పెరిగినా, గర్భాశయ లోపొర కణం జారినా, అవి అసాధారణంగానే కనిపిస్తాయి. వాటిలోనే క్యాన్సర్ కూడా ఉండవచ్చు.

గ్రంథి కణాల్లో క్యాన్సర్‌కు ముందు దశను 1953లోనే ఫ్రీడెల్, మెకే వర్ణించారు. అయినా నివేదికల్లో ఈ కణాలకు స్పష్టమైన స్థానం దొరికింది 1988లో, అమెరికాలోని బెథెస్డా సమావేశంలో. అక్కడ వీటిని ‘ప్రాధాన్యం తేలని’ అసాధారణ గ్రంథి కణాలన్నారు. అది నష్టం చేసే మాట. పొలుసు కణాల విషయంలో వాడే అలాంటి మాటతో కలిసిపోయి, తేలిగ్గా తీసుకునే వీలు కల్పించింది. 2001లో ఆ మాటను తీసేసి, ముందు దశను విడి వర్గం చేశారు.

గ్రంథి కణాలు అసాధారణమన్న ఫలితం నూటికి ఒకరికంటే తక్కువ మందిలోనే వస్తుంది. వచ్చినప్పుడు మళ్లీ పాప్ చేయించి ఊరుకోకూడదు. కాల్పోస్కోపీ (ముఖద్వారాన్ని పెద్దదిగా చూపే పరికరంతో పరీక్ష) చేసి, కాలువ లోపలి నుంచి నమూనా తీయాలి. 35 ఏళ్లు నిండితే గర్భాశయ లోపొరనూ పరీక్షించాలి. ముఖద్వార క్యాన్సర్‌కు కారణమయ్యే హెచ్‌పీవీ వైరస్ లేదని తేలినా వీటిని మానకూడదు. లోపొర క్యాన్సర్లు సాధారణంగా ఆ వైరస్ వల్ల రావు.

మన దేశంలో 30 నుంచి 65 ఏళ్ల మహిళలకు ప్రభుత్వం 2016లో సూచించిన పరీక్ష వేరు: ముఖద్వారానికి ఎసిటిక్ ఆమ్లం పూసి కంటితో చూడటం. ఖర్చు తక్కువ, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే చేయగలరు. కానీ కన్ను చూసేది ఉపరితలాన్నే, లోపలి కాలువను కాదు. అందుకే ఆ పరీక్షలో అంతా బాగుందన్నా, మెనోపాజ్ తర్వాతో కలయిక తర్వాతో రక్తం కనిపిస్తే ఆ మహిళ మళ్లీ డాక్టర్ దగ్గరికి వెళ్లి తీరాలి.