రెహల్ నుంచి మాడ్యులర్ దాకా

ఖురాన్ షరీఫ్ చదివే రెహల్‌ని ఎప్పుడైనా తిప్పి చూశారా? ఒకే చెక్కను చీల్చి, మధ్యలో పళ్లు కోసి, మేకూ జిగురూ లేకుండా రెండు రెక్కలు చేస్తాడు కారీగర్. తెరిస్తే పీట, మూస్తే పలక. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ఇళ్లల్లోని నవారు పలంగ్‌దీ అదే తరీఖా. నాలుగు కోళ్లు, నాలుగు పట్టెలు. పట్టె విరిగితే అదొక్కటే మార్చేవాళ్లు. మాడ్యులర్ అనే మాట కొత్తది, హునర్ పాతదే.

కార్ఖానాలు ఇదే హునర్‌ని తిజారత్ చేశాయి. 1859లో యూరప్‌లో థోనెట్ కంపెనీ తెచ్చిన 14వ నంబర్ కుర్చీలో ఆరు చెక్క ముక్కలు, పది స్క్రూలు, రెండు నట్లు. విడదీస్తే ఒక ఘనమీటరు పెట్టెలో 36 కుర్చీలు పట్టేవి. మన దేశంలో గోద్రెజ్ 1923లో ఉక్కు బీరువాలు మొదలుపెట్టింది. రాన్రాను జహేజ్‌లో సందూక్ జాగాలోకి బీరువా వచ్చింది. స్వీడన్‌కు చెందిన ఐకియా 1956లో విడిభాగాలను అట్టపెట్టెల్లో అమ్మసాగింది. దేశంలో తన మొదటి దుకాణాన్ని 2018 ఆగస్టు 9న హైదరాబాద్‌లో తెరిచింది.

ఈలోగా లకడీ మారింది. 1996 డిసెంబర్ 12న సుప్రీంకోర్టు గోదావర్మన్ కేసులో అడవుల నరికివేతకు కళ్లెం వేసింది. పక్కనే నల్లమల ఉన్నా మనకు టేకు పిరమే. ప్లైవుడ్, పార్టికల్ బోర్డు ఇళ్లల్లోకి వచ్చాయి. మాడ్యులర్ అల్మారాలో 32 మిల్లీమీటర్లకొక రంధ్రం ఉంటుంది. కొలత ఒక్కటే కాబట్టి అరను పైకో కిందికో జరపొచ్చు.

బతుకుదెరువుకు ఊళ్లు తిరిగే పాలమూరు ఖాందాన్లకు విప్పి తీసుకెళ్లే సామాను ఫాయిదానే. కానీ పార్టికల్ బోర్డులో స్క్రూ రెండు మూడుసార్లు తీసి బిగిస్తే పట్టు వదులుతుంది. నీళ్లు తగిలితే ఉబ్బుతుంది. పలంగ్‌ని మన మిస్త్రీ బాగుచేసేవాడు. ఉబ్బిన బోర్డును ఎవరూ బాగుచేయలేరు.

అలాంటి సామాను కోసం బిడ్డ నికాకు ఖర్జా చేస్తున్నాం. సామాను విరిగినా ఖర్జా తీరదు. హజ్రత్ ఫాతిమా (రజి.) కొత్త ఇంటికి వెళ్లింది ఒక దుప్పటి, తోలు తలగడ, నీళ్ల తిత్తి లాంటి కాస్త సామానుతోనే కదా!

కొనేముందు దుకాణదారును రెండు సవాళ్లు అడగండి: విప్పి మళ్లీ బిగించొచ్చా? విరిగిన ముక్క ఒక్కటే దొరుకుతుందా? జవాబు లేకపోతే, ఆ డబ్బుతో మన బస్తీ మిస్త్రీ దగ్గర ఒక మంచి పలంగ్ చేయించండి.