కాల్చినా దక్కని తీరం

రాస్ అల్ ఖైమా అంటే మన ఊళ్ళలో చాలామందికి టైల్స్ కంపెనీ, వీసా, నెలనెలా వచ్చే డబ్బు. కడప నుంచో, కోనసీమ నుంచో, నిజామాబాద్ నుంచో ఇక్కడికి వచ్చిన తెలుగువాళ్ళకు ఎడారి ఎండ తెలుసు, జీతం వచ్చే తేదీ తెలుసు. ఈ ఊరు రెండు వందల ఏళ్ళ కిందట ఒక సముద్రరాజ్యమనీ, దాన్ని అణచడానికి యుద్ధనౌకలు బయల్దేరింది బొంబాయి రేవు నుంచేననీ తెలిసినవాళ్ళు తక్కువ. తెలియాల్సిన కథ ఇది. ఆ ఓడల్లో మన దేశపు సిపాయిలు కూడా ఉన్నారు.

ఆనాటి పాలకులు అల్ ఖాసిమీలు. ఇప్పటికీ రాస్ అల్ ఖైమానూ షార్జానూ ఏలుతున్నది వాళ్ళే. అప్పట్లో ఎదుటి పర్షియా తీరంలోని లింగే రేవు కూడా వాళ్ళ చేతిలో ఉండేది. ఎడారిలో ఓడ కట్టే చెట్టు లేదు కనుక టేకు మలబారు నుంచి వచ్చేది. ముత్యాలు, ఖర్జూరాలతో గల్ఫ్ ఓడలు ఇండియా దాకా తిరిగేవి. మస్కట్‌తో వీళ్ళకు తరాల వైరం. 1798లో ఈస్టిండియా కంపెనీ మస్కట్‌తో ఒప్పందం చేసుకోవడంతో కంపెనీ ఓడలు కూడా ఆ వైరంలో చిక్కుకున్నాయి. 1808 నాటికి మినర్వా అనే వర్తక నౌక ఖాసిమీల చేతికి చిక్కింది. కంపెనీ కాగితాల్లో ఇదంతా ఒకే నేరం: సముద్రపు దోపిడీ.

ఆ మాటను నేటి షార్జా పాలకుడు షేక్ సుల్తాన్ బిన్ ముహమ్మద్ అల్ ఖాసిమీ 1986లో అచ్చయిన తన పరిశోధన గ్రంథంలో తిప్పికొట్టారు. గల్ఫ్ వర్తకాన్ని గుప్పిట్లో పెట్టుకోవడానికి కంపెనీ అల్లిన నింద అది అని ఆయన వాదన. అందుకు ఆధారాలు వెతికింది బొంబాయి దస్తావేజుల్లోనే. ఆ వాదన అతిగా ఉందని తర్వాత వేరే చరిత్రకారులు రాశారు. దాడులు జరిగిన మాట నిజం. అయితే మస్కట్ పక్షాన నిలిచి, తన ఓడలను మాత్రం ఎవరూ తాకకూడదన్న కంపెనీది తటస్థ న్యాయమని అనుకోవడం కష్టం.

1809 సెప్టెంబరులో దండు బయల్దేరింది. కెప్టెన్ వెయిన్‌రైట్ కింద షిఫాన్, కరోలిన్ అనే రెండు యుద్ధనౌకలు, కంపెనీ నౌకలు. లెఫ్టినెంట్ కర్నల్ లయొనెల్ స్మిత్ కింద తెల్ల సైనికులు, బొంబాయి సిపాయిలు. దారిలోనే స్ట్రాంబోలి అనే బాంబు నౌక మునిగిపోయింది. నవంబరులో ఊరి ముందు లంగరు వేశారు. సముద్రానికీ ఉప్పుటేరుకూ మధ్య ఇసుక నాలుక మీద ఉన్న ఊరది. తీరం వెంట నీళ్ళు లోతు లేక పెద్ద ఓడలు దగ్గరికి రాలేకపోయాయి. ముందు ఫిరంగులు పేల్చారు. 13న తెల్లవారుజామున పడవల్లో సైన్యం దిగి ఇల్లిల్లూ పోరాడుతూ ఊరిని పట్టుకుంది. యాభైకి పైగా ఓడలను తగలబెట్టారు. మినర్వా కూడా ఆ మంటల్లోనే పోయింది. మర్నాడే అందరూ ఓడలెక్కి వెళ్ళిపోయారు.

ఎందుకంత తొందర? ఖాసిమీల వెనుక అరేబియా లోపలి నేలను ఏలే వహాబీ రాజ్యం ఉంది. నేలమీద దానితో యుద్ధం తెచ్చుకోవద్దని కంపెనీ ఆదేశం. ఓడలు కాలాయి కానీ ఓడలు కట్టేవాళ్ళు, నడిపేవాళ్ళు అక్కడే మిగిలారు. మూడు నాలుగేళ్ళకే ఖాసిమీ తెరచాపలు మళ్ళీ గల్ఫ్ దాటి బయటికి వచ్చాయి.

ఇలాంటి భంగపాటు చరిత్రలో ముందే ఉంది. క్రీ.శ. 439లో ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్ నగరాన్ని పట్టుకున్న వాండల్స్ అనే తెగవాళ్ళు మధ్యధరా సముద్రంలో రోమన్లకు నిద్ర లేకుండా చేశారు. ఆ నేలను తిరిగి తెచ్చుకోవాలని 468లో తూర్పు రోమన్ చక్రవర్తి మొదటి లియో తన బావమరిది బాసిలిస్కస్‌ను వెయ్యికి పైగా ఓడలతో పంపాడు. వాండల్ రాజు గైసెరిక్ ఐదు రోజులు గడువు అడిగాడు. బాసిలిస్కస్ ఇచ్చాడు. ఈలోగా గాలి తిరిగింది. నిప్పంటించిన ఖాళీ ఓడలు రోమన్ ఓడల గుంపులోకి కొట్టుకొచ్చాయి. తూర్పు రోమ్ ఖజానా కోలుకోవడానికి చాలా ఏళ్ళు పట్టింది. కార్తేజ్ మళ్ళీ దక్కింది 533లోనే. అక్కడ వచ్చినవాళ్ళ ఓడలు కాలాయి, ఇక్కడ ఉన్నవాళ్ళవి. తీరం మాత్రం రెండు చోట్లా దండెత్తినవాళ్ళకు దక్కలేదు.

1816లో బ్రిటిష్ నౌకలు మరోసారి వచ్చి, నష్టపరిహారం అడిగి, కాదంటే గుండ్లు పేల్చాయి. తక్కువ లోతు నీళ్ళు మళ్ళీ అడ్డుపడ్డాయి. గుండ్లు ఊరిదాకా రాలేదు.

మూడేళ్ళ తర్వాత బొంబాయి ఓడల గుండ్లనే నమ్ముకునే పొరపాటు చేయలేదు. 1819 నవంబరులో మేజర్ జనరల్ కీర్ వెంట దాదాపు మూడు వేల సైన్యం వచ్చింది. మస్కట్ సుల్తాన్ కూడా తోడయ్యాడు. డిసెంబరు 9న ఊరు పడిపోయింది. అయినా కథ అక్కడితో ముగియలేదు. ఉత్తరాన రమ్స్ షేక్ హుసేన్ బిన్ అలీ తనవాళ్ళతో ఖర్జూర తోటల పైనున్న ధాయా కొండకోటకు చేరాడు. కోటలో పోరాడే మగవాళ్ళు దాదాపు 400 మంది. ఆడవాళ్ళు, పిల్లలు ఇంచుమించు అంతే. నీళ్ళు లేవు, నీడ లేదు. అయినా మూడు రోజులు నిలిచారు. చివరికి లివర్‌పూల్ నౌక మీది రెండు భారీ ఫిరంగులను దించి, తోటల మధ్య నుంచి లాక్కొచ్చి గోడలు కూల్చాకే 22న లొంగిపోయారు. ఆ కోట ఇప్పుడు బాగుచేసి ఉంది. మెట్లు ఎక్కితే సముద్రం, తోటలు, యుద్ధం నడిచిన దారి మొత్తం ఒక్క చూపులో కనిపిస్తాయి. ఇక్కడున్న తెలుగువాళ్ళు సెలవు రోజున దుబాయ్ మాల్‌కు వెళ్ళే ముందు ఒకసారి ధాయా ఎక్కాలి.

1820 జనవరిలో ఒప్పందం కుదిరింది. ఎర్ర జెండా చుట్టూ తెల్ల అంచు ఉండాలని అందులో రాశారు. ఈ ఎమిరేట్ జెండా నేటికీ అదే. ఆ కాగితంతో మొదలైన ఒప్పందాల వరుస ఈ తీరాన్ని 1971 దాకా బ్రిటిష్ రక్షణలో ఉంచింది. మన దేశానికి స్వాతంత్ర్యం వచ్చేవరకు ఆ వ్యవహారమంతా బ్రిటిష్ ఇండియా చేతుల మీదుగానే నడిచింది. 1966 వరకు ఇక్కడ చెల్లినదీ రూపాయే.

ఆ రక్షణ ఇక ముగుస్తుందనగా, 1971 నవంబరు 30న ఇరాన్ సైన్యం రాస్ అల్ ఖైమాకు చెందిన రెండు తుంబ్ దీవుల్లో దిగింది. బ్రిటన్ అడ్డుకోలేదు. రెండు రోజులకు ఏర్పడిన యూఏఈలో రాస్ అల్ ఖైమా 1972 ఫిబ్రవరి 10న చేరింది. దీవులు తిరిగి రాలేదు. వాటికోసం యూఏఈ ఓడలు పంపలేదు. చర్చలకైనా రండి, అంతర్జాతీయ న్యాయస్థానానికైనా రండి అని ఇరాన్‌ను ఇప్పటికీ అడుగుతూనే ఉంది.