గుప్తి నుంచి హోల్‌స్టర్ దాకా

అమెరికాలో ఆయుధం వెంటబెట్టుకుని వీధిలో తిరిగే హక్కు గురించి వచ్చిన తొలి పెద్ద తీర్పుల్లో ఒకటి తుపాకి మీద కాదు, చేతికర్ర మీద వచ్చింది. కెంటకీ రాష్ట్రంలో బ్లిస్ అనే ఆయన కర్రలో కత్తి దాచుకుని తిరుగుతూ పట్టుబడ్డాడు. జేబు పిస్తోలు, బాకు, పెద్ద కత్తి, కర్రలో కత్తి వీటిలో దేన్నీ దాచుకుని తిరగకూడదని అక్కడ 1813లోనే చట్టం చేశారు. బ్లిస్‌కి 100 డాలర్ల జరిమానా పడింది. ఆ రోజుల్లో అది సామాన్యుడు మోయగల మొత్తం కాదు. ఆయన పైకోర్టుకు వెళ్ళాడు. 1822లో ఆ కోర్టు జరిమానాతోపాటు చట్టాన్ని కూడా కొట్టేసింది. ఆయుధం పట్టే హక్కు ఉందంటే దాన్ని ఎలా పట్టుకోవాలో చెప్పి ఆ హక్కును తగ్గించే అధికారం శాసనసభకు లేదని తేల్చింది. ఈ మాట కెంటకీ వాళ్ళకే రుచించలేదు. 1850లో కొత్త రాజ్యాంగం రాసుకున్నప్పుడు, దాచిన ఆయుధాలను నిషేధించే అధికారం శాసనసభకు ఉందని విడిగా ఒక వాక్యం చేర్చుకున్నారు.

కర్రలో కత్తి అంటే మన గుప్తే. రాజమండ్రిలో మా తాతగారికి ఒకటి ఉండేది. ధాన్యం అమ్మిన డబ్బుతో రాత్రిపూట బండి మీద రావలసినప్పుడు మాత్రమే దాన్ని బయటికి తీసేవారు. చూడటానికి నున్నటి చేతికర్ర. పిడి కింద వేలికి తగిలీ తగలనట్టు ఒక ఇత్తడి మీట. అది నొక్కి, కాస్త మెలితిప్పి లాగితే దబ్బనంలాంటి సన్నటి ఇనుము బయటికొచ్చేది. అంచుకు పదును లేదు, అంతా మొనలోనే. తుప్పు పట్టకుండా కొబ్బరినూనె రాసేవారు. మేము పిల్లలం ముట్టుకోబోతే చేతి మీద ఒక్కటి పడేది. మన దేశంలో 1959 ఆయుధాల చట్టం కింద 1962లో వచ్చిన నియమాల పట్టికలో కత్తుల వరసలోనే గుప్తులనూ పేరుపెట్టి చేర్చారు. డాలస్ శివారులో లైబ్రరీ ఉద్యోగంలో చేరాక, న్యాయశాస్త్రం అల్మరాలు సర్దుతుండగా బ్లిస్ కేసు నా కంటబడింది. తాతగారి గుప్తి గుర్తొచ్చి ఇక దాన్ని వదలబుద్ధి కాలేదు. ఒక్కో రాష్ట్రం పాత చట్టాలు వెతుక్కుంటూ చదువుతూ పోయాను.

చదివిన కొద్దీ ఒక విషయం స్పష్టమైంది. ఆ ఆయుధం ఎంత వింతది, ఎంత ప్రమాదకరమైనది అన్నదాని కంటే, అది నలుగురికీ కనిపిస్తోందా లేదా అన్నదే ఇక్కడి దక్షిణాది చట్టాలు ఎక్కువగా పట్టించుకున్నాయి. ఎవరి నడుమున కనిపిస్తోంది అన్నది మాత్రం చట్టంలో రాయలేదు, అమలులో చూసుకున్నారు.

కనిపించడానికి వాళ్ళు అంత విలువ ఎందుకిచ్చారో రెండు తీర్పులు చదివితే అర్థమవుతుంది. 1846లో జార్జియా సుప్రీంకోర్టు నన్ కేసులో పిస్తోలు దాచుకోవడాన్ని నిషేధించవచ్చని, బాహాటంగా పెట్టుకోవడాన్ని మాత్రం నిషేధించకూడదని చెప్పింది. 1850లో లూసియానా కోర్టు చాండ్లర్ కేసులో ఇంకో అడుగు ముందుకేసి, బాహాటంగా ఆయుధం ధరించడం మగతనం గల ఆత్మరక్షణ అనీ, దాచుకోవడం రహస్య హత్యలకు దారి తీస్తుందనీ వివరించింది. బానిసల చెమట మీద బతికే పెద్దమనుషుల పరువు లెక్క ఇది. ఎదుటివాడికి కనిపించేలా కట్టుకున్నవాడు మర్యాదస్థుడు, కోటు లోపల పెట్టుకున్నవాడు పిరికివాడు. ఆ బానిసలకు ఏ ఆయుధాన్నీ ఏ విధంగానూ పట్టే హక్కు లేదని ఆ తీర్పులు వేరే చెప్పనవసరం లేకపోయింది.

ఆ కాలంలోనే వింత ఆయుధాల మోజు పెరిగింది. దానికి నిప్పు రాజేసిన కొట్లాట 1827 సెప్టెంబరు 19న మిసిసిపీ నదిలో నాచెజ్ దగ్గరి ఇసుకదిబ్బ మీద జరిగింది. ఇద్దరి మధ్య ద్వంద్వయుద్ధం ఎవరికీ దెబ్బ తగలకుండా ముగిసింది. కానీ వెంట వచ్చినవాళ్ళు కలబడ్డారు. అప్పటికే తూటా దెబ్బ తిన్న జిమ్ బౌయీ ఛాతీలో నోరిస్ రైట్ అనేవాడు గుప్తి దింపాడు. అది రొమ్ము ఎముకకు తగిలి ఇరుక్కుంది. బౌయీ అతణ్ణి పట్టి తన మీదికి లాక్కుని పెద్ద కత్తితో పొడిచి చంపాడు. ఆ వార్త దేశమంతా పాకి, ఆ కత్తికి బౌయీ పేరే స్థిరపడిపోయింది. టెన్నెసీ 1838లో ఆ కత్తుల అమ్మకాన్నే నిషేధించింది. అంతకు ముందు ఏడాది అలబామా వాటి మీద 100 డాలర్ల పన్ను వేసింది. అదే 1837లో జార్జ్ ఎల్గిన్ అనే ఆయన పిస్తోలునూ కత్తినీ ఒకటిగా కలిపి పేటెంటు తీసుకున్నాడు. గొట్టం కింద 11 అంగుళాల వెడల్పాటి కత్తి, పైన ఒక్క తూటా. గురి తప్పితే పొడవడానికి కత్తి ఉంటుందన్నది ఆలోచన. దక్షిణ సముద్రాల అన్వేషణ యాత్రకు వెళ్ళే నావికుల కోసం అమెరికా నౌకాదళం వీటిని 150 కొన్నది.

అంతర్యుద్ధం ముగిశాక లెక్క మారింది. అప్పటిదాకా బానిసలుగా ఉన్నవాళ్ళు పౌరులయ్యారు, ఆయుధాలూ కొనుక్కోగలిగారు. ఇక్కడే నేను ఎక్కువ కాలం ఆగిపోయాను. 1870లో టెన్నెసీ బాకు, గుప్తి, బెల్టు పిస్తోలు, జేబు పిస్తోలు బాహాటంగానైనా చాటుగానైనా పట్టుకోకూడదని చట్టం చేసింది. సైనికులు వాడే రకం రివాల్వర్‌ను కూడా ఇలా ఆపడం కుదరదని మరుసటి ఏడాది కోర్టు అంది. దాంతో శాసనసభ కొత్త చట్టం తెచ్చింది. సైన్యం పిస్తోలు పట్టుకోవచ్చు, కాని బెల్టులో కాదు, ఒరలో కాదు, చేతిలో అందరికీ కనిపించేలా. 1881లో అర్కాన్సా కూడా దీన్నే అనుసరించింది. మరుసటి ఏడాది హెయిల్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు అది న్యాయమేనని ఒప్పుకుంది. కిరాణా కొట్టుకు వెళ్ళే మనిషి కిలో పైన బరువున్న రివాల్వర్‌ను దారి పొడుగునా చేత్తో పట్టుకుని నడవాలన్నమాట. ఎవరూ అలా నడవరని చట్టం రాసినవాళ్ళకు తెలుసు. పైగా చవక పిస్తోళ్ళను ఆపేసి, ఖరీదైన సైనిక రివాల్వర్లను వదిలిపెట్టారు. పేదవాడి చేతిలోది నేరమైంది, ఉన్నవాడి చేతిలోది హక్కయింది. ఈ చట్టాలు ఎవరి కోసం రాశారో 1941లో ఫ్లోరిడా న్యాయమూర్తి బ్యూఫర్డ్ దాపరికం లేకుండా రాశారు. 1893 నాటి తమ రాష్ట్ర తుపాకి చట్టం నల్లజాతి కూలీలను నిరాయుధులను చెయ్యడానికి పుట్టిందనీ, తెల్లవాళ్ళకు వర్తింపజేసే ఉద్దేశమే లేదనీ ఆయన అన్నారు.

టెక్సస్ దారి వేరు. 1871 ఏప్రిల్ 12 నాటి చట్టం పిస్తోలు, బాకు, గుప్తి, ఈటె, ఇత్తడి పిడికిలి, బౌయీ కత్తి అన్నిటినీ ఒకే వాక్యంలో కలిపి నిషేధించింది. ఒంటి మీదే కాదు, గుర్రపు జీను మీదా, జీను సంచిలోనూ ఉండకూడదు. కనిపించినా తప్పే, కనిపించకపోయినా తప్పే. అప్పటికప్పుడు తన మీద దాడి జరగబోతోందనే భయానికి సరైన కారణం చూపగలిగితే మినహాయింపు ఉండేది. తొలిసారి పట్టుబడితే 25 నుంచి 100 డాలర్ల జరిమానా, ఆయుధం జప్తు. రైఫిళ్ళను, వేట తుపాకులను వదిలేసింది. సినిమాల్లో టెక్సస్ అంటే రెండు తొడలకూ రెండు రివాల్వర్లు. పుస్తకాల్లోని టెక్సస్‌లో దాదాపు నూట నలభై అయిదేళ్ళు అది నేరం. 1991లో కిలీన్ ఊళ్ళో లూబీస్ హోటల్లో 23 మంది కాల్పులకు బలయ్యాక గాలి మళ్ళింది. 1995లో దాచుకుని తిరిగేందుకు లైసెన్సులిచ్చే చట్టం మీద గవర్నర్ జార్జ్ బుష్ సంతకం చేశారు. అంటే పాత దక్షిణాది లెక్క తలకిందులైంది. ఇప్పుడు దాచుకుంటే మర్యాద, కనబడితే నేరం.

ఈ నిషేధంలో ఒక కిటికీ తెరిచి ఉండేది. 1899కి ముందు తయారైన తుపాకులను, తూటాలు కాక విడి మందు వాడే వాటి నకళ్ళను టెక్సస్ శిక్షాస్మృతి అసలు తుపాకులుగానే లెక్కించదు. మడత కత్తి అమర్చిన పాత పిస్తోలు అయినా సరే, ఆ మినహాయింపులోకి వస్తుందని ఆ నిర్వచనంలోనే రాసి ఉంది. ఎల్గిన్ లాంటివాళ్ళ ఊహ చట్టం పుస్తకంలో ఇంకా బతికే ఉంది. కేంద్ర చట్టంలోనూ 1968 నుంచి ఇలాంటి మినహాయింపే ఉంది. మరి కర్రలో తుపాకి, పెన్నులో తుపాకి సంగతో? 1934 నాటి జాతీయ తుపాకుల చట్టం తొలి ముసాయిదాలో మామూలు పిస్తోళ్ళను కూడా రిజిస్టర్ చెయ్యాలని ఉండేది. అది పోయినా, తుపాకిలా కనిపించని తుపాకులకు పెట్టిన గది మిగిలిపోయింది. ఈ రోజుకీ పెన్ను తుపాకి కావాలంటే కేంద్ర ప్రభుత్వం దగ్గర రిజిస్టర్ చేయించుకోవాల్సిందే.

ఆ మినహాయింపు పిస్తోలు ఎలా ఉంటుందో పాత ఆయుధాల ప్రదర్శనలో ఒక పెద్దాయన చూపించారు. 1851 నాటి కోల్ట్ నమూనాకు ఇటలీలో చేసిన నకలు. ఒక్కో గదిలో కొలత గరిటెతో నల్ల తుపాకిమందు పోశారు. పైన సీసపు గుండు పెట్టి, గొట్టం కింది మీటను బలంగా లాగితే గుండు లోపలికి దిగింది, దాని చుట్టూ సన్నటి సీసపు ఉంగరం తెగి బయట పడింది. మీద కొవ్వు పూశారు. వెనక వైపు ఒక్కో రంధ్రానికి రాగి టోపీ వేలితో ఒత్తారు. అంతా అయ్యేసరికి ఆయన వేళ్ళు నల్లబడ్డాయి. 2016 దాకా టెక్సస్‌లో మామూలు మనిషి, చట్టం మాటల ప్రకారం, నడుముకు బాహాటంగా కట్టుకోగల పిస్తోలు ఈ రకం ఒక్కటే. పిస్తోలు బాహాటంగా పెట్టుకుని తిరిగే హక్కు కోసం ఉద్యమించినవాళ్ళు దీన్నే కట్టుకుని, భుజాన రైఫిల్ వేసుకుని వీధుల్లోకి వచ్చారు. మ్యూజియం అల్మరాలో ఉండేదాని కోసం ఇచ్చిన మినహాయింపు అలా నడివీధికి చేరింది.

తర్వాతివన్నీ త్వరత్వరగా జరిగిపోయాయి. 2016 జనవరి 1 నుంచి లైసెన్సు ఉన్నవాళ్ళు హోల్‌స్టర్‌లో పిస్తోలు కనబడేలా పెట్టుకోవచ్చు. 2017 సెప్టెంబరు నుంచి కత్తులు, బౌయీ కత్తులు కూడా. టెక్సస్ కోసం పోరాడుతూ అలామోలో ప్రాణం విడిచిన బౌయీ పేరున్న కత్తిని టెక్సస్‌లో పట్టుకుని తిరగడం అప్పటిదాకా నేరమే. గుడిలోకీ బడిలోకీ మాత్రం అయిదున్నర అంగుళాలు దాటిన కత్తి ఇప్పటికీ తీసుకెళ్ళకూడదు. 2019లో ఇత్తడి పిడికిళ్ళ నిషేధం ఎత్తేశారు. 2021 సెప్టెంబరు నుంచి అర్హులైన పెద్దలకు పిస్తోలుకు లైసెన్సే అక్కర్లేదు.

మన దగ్గర్నుంచి కొత్తగా చదువుకోవడానికి వచ్చిన పిల్లలు లైబ్రరీలో నన్ను అడుగుతుంటారు, "ఆంటీ, ఇక్కడ పిస్తోలు కట్టుకుని తిరిగితే ఎవరూ ఏమీ అనరా?" అని. స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకి దగ్గర పెట్టుకోవడం, వేట లైసెన్సు లాంటి కొద్ది మినహాయింపులు తప్ప, కేంద్ర చట్టం ప్రకారం నేరమని ముందు చెబుతాను. ఆ తర్వాత 2016 జులై 7 సంగతి చెబుతాను. ఆ రాత్రి డాలస్ ఊరేగింపులో ఒక నల్లజాతి యువకుడు చట్టం ఒప్పుకున్న విధంగానే భుజాన రైఫిల్ వేసుకుని నడిచాడు. అదే ఊరేగింపు దగ్గర ఒక దుండగుడి కాల్పుల్లో అయిదుగురు పోలీసులు చనిపోయారు. ఈ యువకుడి ఫొటోను అనుమానితుడిదని పోలీసులు లోకమంతటికీ పంపారు. అతను తన రైఫిల్‌ను పోలీసుకు అప్పగించేశాడు. అతను ఏ తప్పూ చేయలేదని తేలింది. చట్టం అతని పక్షాన ఉంది. ఆ చట్టం అతణ్ణి కాపాడే స్థితిలో మాత్రం లేదు. మన పిల్లల ఒంటి రంగు కూడా చాలామంది కళ్ళకు ముందుగా కనిపించేదే. అందుకే ఈ కథ చెప్పకుండా వాళ్ళను పంపలేను.

2022 జూన్ 23న దేశ సుప్రీంకోర్టు బ్రూయెన్ కేసులో, తుపాకి ఆంక్షలు నిలబడాలంటే ఈ దేశ చరిత్రలో అలాంటి ఆంక్షల సంప్రదాయం చూపించాలని తీర్పు చెప్పింది. అప్పట్నుంచి లాయర్లు గుప్తి చట్టాలు, బౌయీ కత్తి పన్నులు తవ్వితీసి కోర్టుల్లో పరుస్తున్నారు. జస్టిస్ థామస్ రాసిన ఆ తీర్పులో టెక్సస్ 1871 చట్టం ప్రస్తావన కూడా ఉంది. దాన్ని సమర్థించిన టెక్సస్ కోర్టులు మిగతా దేశంతో కలవని ఒంటరి గొంతులని పక్కన పెట్టారు. నేను ఒప్పుకోలేను. ఆ చట్టం కింద ఇక్కడ నాలుగు తరాలు పుట్టి పెరిగాయి. ఈ రాష్ట్రం 1876లో రాసుకున్న రాజ్యాంగంలో, నేరాలను అరికట్టేందుకు ఆయుధాలు ధరించడాన్ని క్రమబద్ధం చేసే అధికారం శాసనసభకు ఉందని రాసుకుంది. ఆ వాక్యం ఇవాళ్టికీ మొదటి ప్రకరణం, 23వ సెక్షన్‌లో అలాగే ఉంది.