నకలు ఫోల్డర్ల విలీనం: 'రెండూ ఒకటే' అని తేల్చే పద్ధతుల చరిత్ర

లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తరవాత మీరు:
• కంప్యూటర్లలో ఫోల్డర్ వ్యవస్థ ఏర్పడిన క్రమాన్ని వివరించగలుగుతారు.
• రెండు ఫైళ్లు ఒకటేనా అని తేల్చే మూడు పద్ధతులను, వాటి పరిమితులను గుర్తించగలుగుతారు.
• నకలు ఫోల్డర్లను నష్టం లేకుండా ఒకటిగా కూర్చగలుగుతారు.

1.1 పరిచయం

ఒకే పేరుగల ఫోల్డర్ కంప్యూటర్‌లో ఒకటి, పెన్‌డ్రైవ్‌లో మరొకటి ఉండటం ఈనాడు చాలామంది విద్యార్థులకు అనుభవమే. రెండింటినీ కలిపివేయడం చిన్న పనిగా కనిపిస్తుంది. కాని ముందుగా ఒక ప్రశ్నకు జవాబు కావాలి: ఈ రెండూ నిజంగా ఒకటేనా?

ఈ ప్రశ్న కంప్యూటర్‌తో పుట్టింది కాదు. 19వ శతాబ్దంలో సి.పి. బ్రౌన్ ఒకే కావ్యానికి అనేక రాతప్రతులు సేకరించి, పండితులచేత పోల్పించి, పాఠభేదాలు గుర్తింపజేశాడు. పోల్చడం పూర్తయిన తరవాతే శుద్ధప్రతి రాయించేవాడు. పోల్చకుండా ఏ ప్రతినీ వదలకూడదన్న ఈ పరిష్కర్తల నియమం వైపే కంప్యూటర్ రంగం కూడా అంచెలంచెలుగా నడిచింది. ఆ అంచెలు మూడు: పేరు, తేదీ, విషయం.

1.2 మొదటి అంచె: పేరు

డైరెక్టరీలో మరో డైరెక్టరీ ఉండే చెట్టు వంటి అమరికను స్పష్టంగా ప్రతిపాదించినది మల్టిక్స్ వ్యవస్థ. ఎంఐటీ, బెల్ ల్యాబ్స్, జనరల్ ఎలక్ట్రిక్ కలిసి చేపట్టిన ఈ పథకంలోని ఫైళ్ల అమరికను డేలీ, న్యూమన్ 1965లో ఒక పత్రంలో వివరించారు. 1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ ప్రారంభించిన యూనిక్స్ ఈ అమరికను సరళం చేసి వ్యాప్తిలోకి తెచ్చింది. చిన్న కంప్యూటర్లకు ఇది ఆలస్యంగా చేరింది. 1981లో వచ్చిన తొలి ఎంఎస్-డాస్‌లో ఉపడైరెక్టరీలే లేవు. 1983లో వచ్చిన రెండవ వెర్షన్ వాటిని ప్రవేశపెట్టింది. అప్పటికే, 1981లో, జిరాక్స్ స్టార్ కంప్యూటర్ కార్యాలయాల్లోని కాగితపు ఫోల్డర్ బొమ్మను తెరమీదికి తెచ్చింది. 'ఫోల్డర్' అన్న మాట సామాన్య వాడుకలో స్థిరపడటానికి 1995 నాటి విండోస్ ఎంతో తోడ్పడింది.

ఈ అమరికలో ఒక నియమం ఉంది. ఒక డైరెక్టరీలో ఒక పేరు ఒక్కసారే ఉండాలి. కాబట్టి ఒకే పేరుగల రెండు ఫోల్డర్లు ఒకచోట కలిసినప్పుడు ఏం చేయాలో వ్యవస్థ నిర్ణయించుకోవాలి. విండోస్ రెండింటిలోని ఫైళ్లనూ ఒకే ఫోల్డర్‌లో చేరుస్తుంది. పేర్లు కలిసిన ఫైళ్ల విషయంలో మాత్రం మనల్ని అడుగుతుంది. మ్యాకింటోష్ సంప్రదాయం వేరు. అక్కడ 'మార్చు' అంటే పాత ఫోల్డర్ మొత్తం పోయి కొత్తది ఆ స్థానంలోకి రావడం. పాతదానిలో మాత్రమే ఉన్న ఫైళ్లు కూడా దానితోనే పోతాయి. ఒక వ్యవస్థకు అలవాటుపడినవారు మరొకదానిలో ఆ బటన్ నొక్కితే ఏం జరుగుతుందో ఊహించండి. పేరు ఒకటైనంత మాత్రాన వస్తువు ఒకటి కాదు. అలాగే పేర్లు వేరైనంత మాత్రాన వస్తువులు వేరు కావు.

మీ ప్రగతిని సరిచూసుకోండి: ఒకే పేరుగల ఫోల్డర్లు కలిసినప్పుడు విండోస్, మ్యాకింటోష్ పద్ధతుల మధ్య తేడా ఏమిటి?

1.3 రెండవ అంచె: తేదీ, పరిమాణం

ల్యాప్‌టాప్‌లు వచ్చాక ఒకే పత్రం ఆఫీసులో ఒకటి, సంచిలో ఒకటి ఉండటం మామూలైంది. విండోస్ 95లోని 'బ్రీఫ్‌కేస్' ఈ అవసరం కోసం ఏర్పడినదే. ఏ ప్రతి మారిందో చూసి, దానితో రెండవదాన్ని సరిచేయమని సూచించేది. 1996లో ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిజెల్, పాల్ మాకరాస్ రూపొందించిన 'ఆర్‌సింక్' ముందుగా ఫైల్ పరిమాణం, చివరిసారి మార్చిన సమయం చూస్తుంది. రెండూ సరిపోతే ఆ ఫైల్‌ను విడిచి ముందుకు పోతుంది. వేలాది ఫైళ్లున్నప్పుడు ఈ పద్ధతి ఎంతో సమయం ఆదా చేస్తుంది.

అయితే తేదీ సాక్ష్యం బలహీనమైనది. పాత పెన్‌డ్రైవ్‌లలో కనిపించే ఫ్యాట్ పద్ధతి, మార్పు సమయాన్ని రెండు సెకన్ల మెట్లలోనే నమోదు చేస్తుంది. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ అంతకన్నా ఎన్నో రెట్లు సూక్ష్మంగా రాస్తుంది. అందువల్ల మారని ఫైల్ కూడా మారినట్లు కనిపించవచ్చు. అంతకన్నా ముఖ్యమైనది, కొత్తది అంటే మేలైనది కాదు. సగం పేరాలు పొరపాటున చెరిపి సేవ్ చేసిన ప్రతికే కొత్త తేదీ ఉంటుంది.

1.4 మూడవ అంచె: విషయం

1970ల మధ్యలో యూనిక్స్‌లో చేరిన 'డిఫ్' అనే సాధనం రెండు ఫైళ్లను పంక్తి పంక్తిగా పోల్చి తేడాలు చూపింది. బ్రౌన్ పండితుల పనికి ఇది దగ్గరిది. కాని వేల ఫైళ్లలో ప్రతిదాన్నీ మిగతా అన్నింటితో ఇలా పోల్చడం కష్టం. దీనికి పరిష్కారం హ్యాష్. ఫైల్‌లోని మొత్తం విషయాన్ని లెక్కగట్టి తీసిన చిన్న సంఖ్యే హ్యాష్. ఇది ఫైల్‌కు వేలిముద్ర వంటిది. రెండు ఫైళ్ల వేలిముద్రలు వేరైతే విషయాలు కచ్చితంగా వేరు. ఒకటైతే విషయం ఒకటేనని ఆచరణలో నమ్మవచ్చు. రాన్ రివెస్ట్ రూపొందించిన ఎండీ5 పద్ధతి 1992లో ప్రచురితమైంది. 2004లో చైనా పరిశోధకులు, వేర్వేరు విషయాలకు ఒకే ఎండీ5 సంఖ్య వచ్చేలా చేయవచ్చని నిరూపించారు. భద్రత అవసరమైనచోట నేడు షా-256 వంటివి వాడుతున్నారు.

ఈ పద్ధతికీ హద్దు ఉంది. తెలుగు లిపి యూనికోడ్‌లో 1991 నాటి మొదటి వెర్షన్‌లోనే ఉంది. అయినా డీటీపీ కేంద్రాల్లో అను వంటి పాత ఫాంట్లతో చేసిన టైపింగ్ ఏళ్ల తరబడి సాగింది. ఒకే వ్యాసం పాత ఫాంట్‌లో ఒకటి, యూనికోడ్‌లో ఒకటి ఉంటే చదివేవారికి రెండూ ఒకటే. యంత్రానికి ఒక్క అక్షరమూ కలవదు. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటో కూడా అంతే. బొమ్మ అదే, కాని పరిమాణం తగ్గి, తీసిన తేదీ వంటి వివరాలు పోతాయి. చరిత్ర విద్యార్థికి ఆ తేదీయే ఆధారం. ఏది ఉంచాలన్న తీర్పు ఇక్కడ మనిషిదే.

1.5 ఆచరణ క్రమం

1. రెండు ఫోల్డర్లకూ మరో డిస్క్‌లో ప్రతి తీసి పెట్టండి.
2. కలపబోయే ముందు వాటికి వేర్వేరు పేర్లు పెట్టండి. ఇల్లు, ఆఫీసు వంటి మూలాన్ని పేరులో చేర్చండి.
3. హ్యాష్ ఆధారంగా పోల్చే సాధనంతో అచ్చంగా ఒకటే అయిన ఫైళ్లను గుర్తించి, ఒక్కొక్కటే ఉంచండి.
4. పేరు ఒకటై విషయం వేరైనవాటిని తెరిచి చదవండి. తేల్చలేకపోతే రెండింటినీ ఉంచండి.
5. పేరు ముందు తేదీని 2024-03-15 వలె సంవత్సరం, నెల, రోజు వరసలో రాయండి. ఫైళ్లు కాలక్రమంలో వాటంతటవే అమరుతాయి.
6. ఏది ఎక్కడినుంచి వచ్చిందో తెలిపే చిన్న పట్టిక అదే ఫోల్డర్‌లో ఉంచండి.

1.6 సారాంశం

పేరు ఫైల్ ఉన్న చోటును చెబుతుంది. తేదీ ఎప్పుడు మారిందో చెబుతుంది. హ్యాష్ అచ్చంగా అదేనా కాదా అన్నది చెబుతుంది. రెండు ప్రతుల్లో ఏది విలువైనదో ఈ మూడింటిలో ఏదీ చెప్పదు. అచ్చంగా ఒకటే అయిన నకలును తీసివేస్తే స్థలం మిగులుతుంది. తేడా ఉన్న ప్రతిని చూడకుండా తీసివేస్తే ఒక ఆధారం పోతుంది. డిస్క్ మళ్లీ కొనుక్కోవచ్చు. పోయిన ఆధారం దొరకదు.

1.7 మాదిరి పరీక్ష ప్రశ్నలు

1. ఫోల్డర్ వ్యవస్థ పరిణామాన్ని 1965 నుంచి 1995 వరకు వివరించండి.
2. 'కొత్త ప్రతి మేలైన ప్రతి కాకపోవచ్చు.' ఉదాహరణలతో చర్చించండి.
3. హ్యాష్ పద్ధతి ప్రయోజనాలను, పరిమితులను తెలుగు పత్రాల దృష్టితో పరిశీలించండి.