బంగారు గడప

1956 నవంబరు 1వ తేదీ వరకును మన ముదగల్లు హైదరాబాదు రాష్ట్రములోనిదే. ఆనాటి మన పెద్దలకు రాజధాని యన్న హైదరాబాదు నగరమే. ఆ నగరమున, నాంపల్లి స్టేషను రోడ్డున, 'గోల్డెన్ థ్రెషోల్డ్' అను భవన మొకటి కలదు. అనగా బంగారు గడప. అన్యభాషా ప్రాంతమున స్థిరపడిన మనవంటి కుటుంబములవా రెరుగదగిన చరిత్ర దానిది.

ఆ గృహము డాక్టరు అఘోరనాథ ఛటోపాధ్యాయులవారి నివాసము. వంగదేశీయులగు వారు ఎడింబరోలో డాక్టరు పట్టము నంది హైదరాబాదు వచ్చి, పిమ్మట నిజాము కళాశాలగా రూపొందిన విద్యాలయమునకు అధ్యక్షులైరి. కొలువులో నుండియు నిజము పలుకుటకు వెనుదీయలేదు. చాందా రైలుమార్గ వ్యవహారమున ప్రభుత్వమును విమర్శించినందుకు 1883లో రాజ్యమునుండి బహిష్కృతులై, తరువాత తిరిగి వచ్చిరి. ధిక్కార మా యింటికి కుమార్తెతో వచ్చినది కాదు. తండ్రి నాటనే యున్నది.

ఆ కుమార్తెయే సరోజినీదేవి. 1879 ఫిబ్రవరి 13న హైదరాబాదులో జన్మించిరి. 1898లో డాక్టరు ముత్యాల గోవిందరాజులు నాయుడుగారిని వివాహమాడి తెలుగింటి కోడలైరి. కులమును, ప్రాంతమును దాటిన ఆ వివాహమును జరిపించినవారు కందుకూరి వీరేశలింగము పంతులుగారు. 1905లో లండనున వెలువడిన ఆమె తొలి కవితాసంపుటి పేరే ఈ గృహమునకు నిలిచినది.

ఆ గడప దాటిన కవయిత్రి 1925లో కాన్పూరు కాంగ్రెసున కధ్యక్షత వహించిరి. 1930 మే నెలలో ధారాసన ఉప్పు సత్యాగ్రహమునకు నాయకత్వము వహించి చెరసాల కేగిరి. 1942లో గాంధీజీతోపాటు పూనాలోని ఆగాఖాన్ భవనమున నిర్బంధింపబడిరి. అదియు భవనమే, ఇదియు భవనమే! ఒకటి దేశభక్తులపై తలుపు మూసినది. ఒకటి కవులకును, విద్వాంసులకును తలుపు తెరచినది. స్వతంత్ర భారతమున తొలి మహిళా గవర్నరుగా నుండి, 1949 మార్చి 2న లక్నోలో ఆమె దివంగతులైరి.

ఆమె కుమార్తె పద్మజానాయుడుగారు 1956 నుండి 1967 వరకు పశ్చిమవంగమునకు గవర్నరు. తాతగారు విడిచివచ్చిన గడ్డకు మనుమరాలు గవర్నరుగా మరలుట విశేషము గదా! 1974లో ఏర్పడిన హైదరాబాదు విశ్వవిద్యాలయము తొలుత బంగారు గడపలోనే నడచినది. 1975 నవంబరులో ఇందిరాగాంధిగారు ఆ గృహమును జాతి కంకితము గావించిరి.

ఆ కుటుంబమునకు వంగము మాతృభాష, ఉర్దూ ఊరిభాష, తెలుగు అల్లునిభాష, ఆంగ్లము కవితాభాష. ఇందేదియు వారిని హైదరాబాదునకు పరాయివారిని చేయలేదు. కృష్ణా తుంగభద్రల నడుమ, కన్నడిగుల చెంత తరతరములుగ మసలుచున్న మనకు ఇది ధైర్యము నొసగు విషయము. బడిలో కన్నడము చదువు పిల్లలకు ఇంట తెలుగు నేర్పిన నష్టమేమో యను సంకోచము మనలో కొందరికి కలదు. ఒక భాష నిలుపుకొన్నంత మాత్రమున మరొక ఊరికి దూరము కాము.

మరియొక మాట. తాళము వేసిన యిల్లు శిథిలమగును. చదువున కిచ్చిన యిల్లు పేరుతో నిలుచును. మన పాత యిండ్లలో ఒక గది తెలుగు పుస్తకములకు, పిల్లల చదువునకు కేటాయించిన, మన గడపలును బంగారు గడపలే యగును.