పోలీసు గుడ్డలేసుకున్న బిడ్డ

ఈ రోజుల్లో సీరియళ్ళు వెయ్యి ఎపిసోడ్లు దాటినా కోడలి కన్నీళ్ళు ఆరవు, అత్తగారి కుట్రలు తీరవు. మా చిన్నప్పుడు ఒక సీరియలు వచ్చింది. సుమారు 30 ఎపిసోడ్లు, అంతే. 1989లో దూరదర్శన్‌లో మొదలై 1991కల్లా వెళ్ళిపోయింది. పేరు 'ఉడాన్'. అంటే ఎగరడమట. ఆ సంగతి తెలిసింది కూడా నాకు తర్వాతే.

మా ఊరు కలకడ. అప్పట్లో మా వీధి మొత్తానికి ఒక్కటే టీవీ, అదీ బ్లాక్ అండ్ వైట్. మిద్దె మీద ఏంటెన్నా తిప్పడానికి ఒకరు, "ఇంగా కొంచెం... ఆఁ, చాలు చాలు" అని కిందనించి అరవడానికి ఇంకొకరు. ఇంత చేసి చూస్తే వచ్చేది హిందీ! మాలో ఒక్కరికీ ముక్క రాదు. అయినా ఆ వేళకి చాప పట్టుకుని అందరికంటే ముందు వెళ్ళి కూచునేది మా అవ్వ.

"ఎవురమ్మీ ఆ బిడ్డ? ఆడబిడ్డ పోలీసు గుడ్డలేసుకునిందే!" అంది మొదటిసారి. ఆ తర్వాత మాకు కథ చెప్పే పని కూడా తనే నెత్తికెత్తుకుంది. "వాళ్ళ నాయన ఆస్తి ఎవురో కాజేసినారు. పోలీసోళ్ళు రాసుకోలేదు. అందుకే ఈ పాప పోలీసయింది." హిందీ రాని అవ్వకి ఇదంతా ఎట్లా తెలిసిందని అడిగే తెలివి అప్పుడు మాకు లేదు.

ఆ పాప కల్యాణీ సింగ్. వేషం వేసింది కవితా చౌదరి. రాసిందీ, తీసిందీ కూడా ఆవిడే. మన ఇళ్ళలో పోపు పెడుతూ, పాలు పొంగకుండా చూస్తూ, పిల్లకి జడ వేసే ఆడవాళ్ళకి ఒకేసారి నాలుగు పనులు కొత్తేం కాదు గానీ, టీవీ స్టూడియోలో ఆ రోజుల్లో అది చిన్న విషయం కాదు. ఆవిడ నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాలో చదువుకున్న మనిషి. అనుపమ్ ఖేర్, సతీష్ కౌశిక్ ఆవిడ సహాధ్యాయులు. కానీ దేశమంతటికీ ఆవిడ సర్ఫ్ ప్రకటనలోని లలితాజీగానే తెలుసు. చవకగా వస్తున్న నిర్మా పౌడరు దెబ్బకి జవాబుగా వచ్చిన ప్రకటన అది. బేరమాడే ఆ నీలం అంచు గృహిణి, ఖాకీ వేసుకున్న అధికారిణి ఒకరేనని మా వీధిలో ఎవరూ నమ్మలేదు.

కథ మాత్రం కల్పించింది కాదు. కవిత అక్కగారు కాంచన్ చౌదరి భట్టాచార్య, 1973 బ్యాచి ఐపీఎస్. కిరణ్ బేదీ తర్వాత దేశంలో రెండో మహిళా ఐపీఎస్ ఆవిడ. 2004లో, ఉత్తరాఖండ్‌ని ఇంకా ఉత్తరాంచల్ అంటున్న రోజుల్లో, ఆ రాష్ట్రానికి డీజీపీ అయ్యారు. ఒక రాష్ట్ర పోలీసు శాఖకి ఆడమనిషి పెద్ద కావడం దేశంలో అదే మొదలు. చెల్లెలు అక్క జీవితాన్నే సీరియలుగా తీసిందన్నమాట. మన ఇళ్ళలో అక్క పట్టుచీర చెల్లి కట్టుకుంటేనే రభస!

మనవైపు 1990లో 'కర్తవ్యం' వచ్చింది. విజయశాంతికి జాతీయ అవార్డు తెచ్చింది. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆ సినిమాకి ఈలలు వేసినవాళ్ళలో నేనూ ఉన్నాను. కానీ వైజయంతి కొడితే విలన్లు ఎగిరి పడతారు. కల్యాణి అట్లా కొట్టదు. ఆమె చదువుతుంది, పరీక్ష రాస్తుంది, శిక్షణలో ఆయాసపడుతుంది, ఉద్యోగంలో పైవాళ్ళతో పడుతుంది. పిల్లలం మాకు ఫైటింగులే కావాలి. అవ్వకి మాత్రం ఇదే కావాలి.

ఎందుకో పెద్దయ్యాక అమ్మ చెప్పింది. తాత పోయిన ఏడాది, చేని గట్టు జరిపేశారని అవ్వ ఒక స్టేషనుకి వెళ్ళిందట. పొద్దుటినించీ సాయంత్రందాకా వేపచెట్టు కింద కూచోబెట్టి, "మగోళ్ళెవురన్నా ఉంటే పిల్చుకోని రాపో" అన్నారట. మూడు రోజులు తిరిగింది. ఎవరూ రాసుకోలేదు. గట్టు అట్లాగే జరిగిపోయింది.

2020లో లాక్‌డౌన్ రోజుల్లో దూరదర్శన్ 'ఉడాన్' మళ్ళీ వేసింది. ఈసారి నాకు హిందీ వచ్చు. చూసి, కాంచన్ గారి గురించి దొరికిందల్లా చదివాను. తండ్రికి ఆస్తి తగాదాలో అన్యాయం జరిగిందనీ, పోలీసులు పట్టించుకోలేదనీ, ఆ కసే తనని ఖాకీ వైపు నడిపించిందనీ ఆవిడ సంగతుల్లో ఉంది. అవ్వ చెప్పినదాంట్లో అక్షరం పొల్లుపోలేదు!

కాంచన్ గారు 2019లో, కవిత 2024 ఫిబ్రవరిలో పోయారు. అవ్వ వాళ్ళకంటే చాలా ముందే వెళ్ళిపోయింది. ఎపిసోడు మధ్యలో కరెంటు పోతే, అందరం ఉసూరుమని లేచి వెళ్తుంటే, అవ్వ చీకట్లో చాప మీదనించి కదలకుండా అడిగేది: "అమ్మీ, ఆ బిడ్డ రాసుకునిందంటావా?"