నేలలో భారలోహాల ఉపగ్రహ పటరచన

సీసం, కాడ్మియం, క్రోమియం, ఆర్సెనిక్ వంటివి మట్టిలో ఎక్కడ, ఎంత పేరుకున్నాయో ఉపగ్రహ చిత్రాలతో అంచనా కట్టే పద్ధతి. కిలో మట్టిలో మిల్లీగ్రాముల లెక్కన ఉండే లోహం నేరుగా కెమెరాకు చిక్కదు. దాన్ని పట్టి ఉంచే ఇనుప ఆక్సైడ్లు, బంకమన్ను, సేంద్రియ పదార్థం వెలుగును తిప్పి పంపే తీరును చూసి, పొలంలో తీసిన మట్టి నమూనాల పరీక్షా ఫలితాలతో పోల్చి లెక్క తేలుస్తారు.

ఉపగ్రహాలు రాకముందు నుంచే నంద్యాల సీమలో మట్టిని రంగు చూసి, చేత్తో నలిపి పోల్చుకోవడం తరతరాల అలవాటు. ఈ ప్రాంతపు శిలలను విలియం కింగ్ 1872లో గ్రంథస్థం చేశాడు. నంద్యాల వ్యవసాయ పరిశోధన స్థానం 1906లో వెలసింది.

ఉపగ్రహ చిత్రాల అసలు కథ 1972 జూలై 23న లాండ్‌శాట్-1తో మొదలైంది. దాని చిత్రంలో ఒక్క చుక్క సుమారు 80 మీటర్ల చదరం, అంటే ఎకరంన్నర పైచిలుకు. జాతీయ దూరసంవేదన సంస్థ 1974లో హైదరాబాదులో ఏర్పడింది (2008 నుంచి ఇస్రోలో భాగం). 1988 మార్చి 17న ఎగిరిన ఐఆర్‌ఎస్-1ఎ రెండో తరహా కెమెరాలో చుక్క 36.25 మీటర్లకు, దాదాపు 32 సెంట్లకు దిగింది. అయితే వెలుగును విడదీసి చూసే నాలుగైదు రంగుపట్టీలతో లోహాల జాడ తీయడం కష్టం. వందలాది సన్నని పట్టీల హైపీరియన్ పరికరం 2000 నవంబరులో ఎగిరి ఆ కొరత తీర్చింది. 2018 నవంబరు 29న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఇలాంటి ఉపగ్రహం హైసిస్ మన దేశానికి మెచ్చదగిన ముందడుగు.

స్పెయిన్‌లోని అజ్నాల్‌కోల్యార్‌లో 1998 ఏప్రిల్ 25న గని వ్యర్థాల కట్ట తెగింది. అక్కడి మట్టి పరావర్తనం నుంచే సీసం, ఆర్సెనిక్ మోతాదులను అంచనా వేసిన పరిశోధన 2002లో అచ్చయింది. పటాన్‌చెరు పారిశ్రామికవాడ మట్టిలో భారలోహాలపై 2001లో వెలువడిన అధ్యయనం మాత్రం నమూనాల మీదే నడిచింది.

నంద్యాల, ఆళ్లగడ్డల నల్లరేగడి ఈ పద్ధతికి గట్టి పరీక్షే. బంకమన్ను లోహాన్ని బాగా పట్టుకుంటుంది, కానీ నల్లనేల వెలుగును తక్కువ తిప్పి పంపుతుంది. తడిస్తే ఇంకా తక్కువ. కర్నూలు-కడప (కేసీ) కాలువ కింద వరి నిలిచినన్నాళ్లూ నేల కనబడదు. కోతలయ్యాక, ఏప్రిల్, మే ఎండల్లో బీడుపడ్డ చేలే అనువు. అప్పుడూ హైసిస్ 30 మీటర్ల చుక్క 22 సెంట్లు. ఫాస్ఫేటు ఎరువుతో వచ్చే కాడ్మియం గట్టుకు ఇవతల ఒకలా, అవతల ఒకలా ఉంటే ఆ తేడాను పారతో తీసిన నమూనాయే చెప్పాలి.